న్యాయ కళాశాలలో తొలిరోజు: ఇల్లు కూడా సిద్ధం కావాలి

లాసెట్ కౌన్సెలింగ్ ముగిసి, సీట్ల కేటాయింపు జాబితాలు వెలువడిన తరుణమిది. కొద్ది రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల న్యాయ కళాశాలల్లోనూ తొలి తరగతులు మొదలవుతాయి. ఈ ఏడాది కూడా మన కుటుంబాల నుంచి కొందరు యువతీయువకులు ఆ తరగతి గదుల్లో అడుగు పెట్టబోతున్నారు. వారిలో మెకానిక్ ఇంటి బిడ్డ ఉన్నాడు, దర్జీ ఇంటి బిడ్డ ఉన్నది, తోపుడుబండి మీద పండ్లమ్మి చదివించిన తండ్రి బిడ్డ ఉన్నాడు. వారందరికీ మా హృదయపూర్వక అభినందనలు. అయితే అభినందనలతో సరిపెట్టుకోకుండా, ఒక మాట వివరంగా చెప్పవలసిన అవసరమున్నదని మేము భావిస్తున్నాము. సీటు సంపాదించడం ఒక ఎత్తు, చివరి సెమిస్టరు వరకు నిలవడం మరొక ఎత్తు. నిలుస్తారా, మధ్యలో వదలివేస్తారా అన్నది చాలావరకు తొలి వారాల్లోనే తేలిపోతుంది. అందువల్ల తొలిరోజుకు సిద్ధం కావలసినది విద్యార్థి ఒక్కడే కాదు. ఇల్లు సిద్ధం కావాలి, మొహల్లా సిద్ధం కావాలి, మస్జిదు కమిటీ కూడా సిద్ధం కావాలి.

మన సముదాయానికి న్యాయవాదులు ఎందుకు కావాలన్న ప్రశ్నకు సమాధానం కోసం ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు. కుర్రవాడిని రాత్రివేళ పోలీసులు తీసుకుపోతే స్టేషను మెట్ల దగ్గర నిలబడిన తల్లిని చూస్తే చాలు. అరెస్టు కారణాలు తెలుసుకునే హక్కు, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయని, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని ఆమెకు చెప్పేవారు కావాలి. విడాకులతో పుట్టింటికి చేరిన అమ్మాయికి, 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని తెలియజెప్పేవారు కావాలి. 2025 సవరణ తర్వాత వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయవలసి వచ్చినపుడు, ఏ కాగితం ఎక్కడున్నదో, ఏ దస్తావేజు దేనిని రుజువు చేస్తుందో తెలిసిన మనిషి విలువ ప్రతి మస్జిదు కమిటీకీ అర్థమయ్యే ఉంటుంది.

అంతెందుకు, బి.సి.-ఇ కోటాలో మన పిల్లలకు లభిస్తున్న సీటే న్యాయస్థానాల గుండా నడిచి వచ్చింది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 5 శాతం ఉత్తర్వును, 2005లో చేసిన చట్టాన్ని హైకోర్టు కొట్టివేసింది. వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి 2007లో 4 శాతం చట్టం తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో అదీ హైకోర్టులో నిలవలేదు. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ అవకాశం కొనసాగుతూ వచ్చింది. రేపు తరగతిలో మన బిడ్డ కూర్చునే బల్ల వెనుక ఇంతటి వాదోపవాదాలున్నాయి. ఈ సంగతి ఆ బిడ్డకు తెలియాలి. గొప్పలు చెప్పుకోవడానికి కాదు, ఆ సీటును వృథా చేయరాదని తెలియడానికి.

ఇక సన్నద్ధత సంగతి. మొదట కాగితాలు చూసుకోవాలి. ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల నడుమ ఉద్యోగజీవితం గడిపిన మాకు ఈ విషయం బాగా తెలుసు. మన పిల్లల దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ప్రతిభ దగ్గర కాదు, పేరు దగ్గర. పదవ తరగతి మెమోలో ‘షేక్’, ఆధార్‌లో ‘షైక్’, డిగ్రీ పట్టాలో ‘ఎస్.కె.’ అని ఉంటుంది. ఒకచోట ‘మహమ్మద్’, ఇంకొకచోట ‘మొహమ్మద్’, మరొకచోట ‘ఎం.డి.’ అని ఉంటుంది. తండ్రి పేరు కూడా తీరుకో విధంగా ఉంటుంది. ఇంటి పేరు ముందు రాయాలా వెనుక రాయాలా అన్న సందేహాన్ని గుమాస్తా తనకు తోచినట్లు తీర్చివేస్తాడు. ఇవన్నీ నేడు చిన్న తేడాలుగా కనిపించవచ్చు. మూడేళ్ల తర్వాత బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకునే రోజున అవే అడ్డుగోడలవుతాయి. పదవ తరగతి మెమోను ఆధారంగా పెట్టుకొని మిగిలిన కాగితాలన్నీ దానితో సరిపోల్చండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. తప్పు మెమోలోనే ఉంటే, చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా కదలండి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు, బదిలీ పత్రం అన్నీ ఒక ఫైలులో పెట్టి, ఒక్కొక్కదానికి అయిదేసి నకళ్లు తీయించి ఉంచండి. అసలు పత్రాలు ఎవరికి ఇచ్చినా రసీదు తీసుకోండి. దానిపై తేదీ, సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూసుకోండి. న్యాయశాస్త్రంలో విద్యార్థి నేర్చుకోబోయే మొదటి పాఠం కూడా ఇదే. నోటిమాట గాలికి పోతుంది, కాగితం మిగులుతుంది.

రెండవది చదువు. తొలిరోజుకు ముందే లావుపాటి పుస్తకాలు కొని బరువు మోయనక్కరలేదు. గైడ్లు అసలే వద్దు. రాజ్యాంగం ఒక్కటి చేతిలో ఉంటే చాలు. దాని తెలుగు ప్రతిని, ఇంగ్లీషు ప్రతిని పక్కపక్కన పెట్టుకొని ప్రవేశికను, ప్రాథమిక హక్కులున్న మూడవ భాగాన్ని, అంటే 12 నుంచి 35 వరకు గల అధికరణాలను, రోజుకు ఒకటి రెండు చొప్పున చదవాలి. నేరశాస్త్రానికి సంబంధించి పాత పుస్తకాలు ఎవరైనా ఉచితంగా ఇస్తే సంతోషంగా తీసుకోండి గాని, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయని మరువకండి. సెక్షన్ల సంఖ్యలు మారిపోయాయి. కేంద్ర ప్రభుత్వపు ఇండియా కోడ్ వెబ్‌సైటులో చట్టాలు ఉచితంగా లభిస్తాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఇ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

తొలి తీర్పుగా ఏది చదవమంటారని అడిగితే, 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసును మేము సూచిస్తాము. కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసం కారణంగా పాడేవారు కారు. బడి నుంచి వారిని వెళ్లగొట్టారు. ఆ పిల్లల పక్షాన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారు. ఆ పిల్లలు ముస్లింలు కారు. ఈ కేసును ముందుగా చదవమనడానికి అదే కారణం. అల్పసంఖ్యాకుల హక్కు అంటే మన ఒక్కరి హక్కు మాత్రమే కాదని, ఎక్కడో ఒక చిన్న శాఖకు దక్కిన న్యాయం అందరికీ నీడనిస్తుందని అది నేర్పుతుంది. చదివిన తర్వాత నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాసుకోవాలి. జరిగినదేమిటి? కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి? తీర్పు ఏమిటి? దానికి చూపిన కారణమేమిటి? నెల రోజులు ఈ అలవాటు సాగితే తరగతిలో ఉపన్యాసం అర్థం కాకపోవడమన్న భయం చాలావరకు తగ్గుతుంది.

మూడవది భాష. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో చదివిన పిల్లలను తొలివారంలోనే కుంగదీసేది ఇంగ్లీషు. పక్కనున్నవారు గడగడ మాట్లాడుతుంటే తాను పొరపాటున ఇక్కడికి వచ్చానేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం అక్కరలేదు. న్యాయశాస్త్రపు ఇంగ్లీషు వేరు, మాటకారితనపు ఇంగ్లీషు వేరు. ఒక సెక్షనులో ‘షల్’ అని ఉన్నదా, ‘మే’ అని ఉన్నదా? ‘అండ్’ ఉన్నదా, ‘ఆర్’ ఉన్నదా? చివర మినహాయింపు చేర్చారా, లేదా? వీటిని పట్టి చూసే ఓపిక ఉన్నవాడే మంచి న్యాయవాది అవుతాడు. ఆ ఓపిక ఏ మాధ్యమంలో చదివినవారికైనా అలవడుతుంది. హైకోర్టులు, సుప్రీంకోర్టు ఇంగ్లీషులో నడుస్తాయి కాబట్టి ఆ భాషను నేర్చుకొని తీరాలి. రోజుకు పది పదాలు అర్థంతో సహా రాసుకుంటే ఏడాది తిరిగేసరికి మూడు వేలు దాటుతాయి.

అదే సమయంలో మన పిల్లలకు పుట్టుకతో అందిన ఒక ఆస్తి ఉన్నదని గుర్తు చేయదలచాము. వకీలు, వకాలతు, ఫిర్యాదు, దావా, వాయిదా, జామీను, జప్తు, దస్తావేజు, హాజరు, నకలు వంటి మాటలన్నీ అరబీ, పారశీక భాషల నుంచి ఉర్దూ మీదుగా తెలుగునాట కోర్టుల్లోకి వచ్చి స్థిరపడినవే. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకనాడు న్యాయశాస్త్రాన్ని కూడా ఉర్దూలోనే బోధించారు. నానీ, దాదీల నోట విన్న మాటలే కోర్టు ఆవరణలో వినిపిస్తాయి. అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. అక్కడ ‘రాజీనామా’ అంటే ఇరుపక్షాలు రాసుకున్న ఒడంబడిక పత్రం, ఇక్కడ ఉద్యోగం వదులుకునే పత్రం. ఒకే మాట చోటు మారితే ఎదుటి పక్షానికి చేరిపోతుంది. అందుకే ఏ చట్టం తెరిచినా ముందుగా నిర్వచనాల సెక్షను చదవాలి. మనకు తెలిసిన అర్థం కాదు, చట్టం ఇచ్చిన అర్థమే లెక్కకు వస్తుంది.

తరగతులు మొదలయ్యే లోపు ఒక్కరోజు దగ్గరలోని కోర్టుకు వెళ్లి వెనుక బల్ల మీద కూర్చుని రండి. కొన్ని మినహాయింపులు తప్ప మన దేశంలో విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. సెల్‌ఫోను ఆపి, మౌనంగా కూర్చుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. సినిమాలో చూసినట్టు అక్కడ బల్లగుద్ది అరిచేవారు కనిపించరు. కేసుల పిలుపు, వాయిదాలు, కాగితాల దాఖలు, జామీను పిటిషన్లు, గుమాస్తాల ఉరుకులు కనిపిస్తాయి. వాయిదా కోసం పనిమానుకొని వచ్చి, చెట్టుకింద అన్నం డబ్బా విప్పే కక్షిదారులు కనిపిస్తారు. రేపటి న్యాయవాది సేవ చేయవలసినది ఎవరికో తొలి పాఠానికి ముందే కళ్లారా చూడడం మంచిది.

ఇప్పుడొక సున్నితమైన విషయం. తరగతిలో పరిచయాలు ముగియగానే మన పిల్లలకు కొన్ని ప్రశ్నలు ఎదురు కావచ్చు. నాలుగు పెళ్లిళ్ల గురించి, తలాక్ గురించి, మనోవర్తి గురించి అడుగుతారు. కొందరు తెలుసుకోవాలని అడుగుతారు, కొందరు గుచ్చాలని అడుగుతారు. రెండింటికీ ఒకే తీరు జవాబు మేలు. ముడుచుకుపోవద్దు, విరుచుకుపడవద్దు. మీరు సముదాయం తరఫున సంజాయిషీ ఇవ్వడానికి అక్కడికి వెళ్లలేదు, చదువుకోవడానికి వెళ్లారు. తెలిసినది చెప్పండి, తెలియనిదానికి చదివి చెబుతానని నిస్సంకోచంగా అనండి. అందుకు కాస్త ముందే చదివి ఉంచుకోవాలి. 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం, ముస్లిం మహిళ కోర్టు ద్వారా విడాకులు కోరే దారి చూపిన 1939 చట్టం, 1985 నాటి షాబానో తీర్పు, 1986 చట్టం, ఆ చట్టాన్ని వ్యాఖ్యానించిన 2001 నాటి డానియల్ లతీఫీ తీర్పు, ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవన్న 2017 ఆగస్టు 22 నాటి తీర్పు, దానిని శిక్షార్హం చేసిన 2019 చట్టం తెలిసి ఉండాలి. విడాకులు పొందిన ముస్లిం మహిళ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద కూడా మనోవర్తి కోరవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన తెలంగాణ నుంచే వెళ్లింది. వీటిలో కొన్నింటిని సమర్థించేవారు, విమర్శించేవారు మన పాఠకుల్లోనే ఉన్నారు. ఇరువర్గాలకూ కావలసినది ఆ తీర్పులను ఆసాంతం చదివిన మనిషి. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు వాక్యాలతో సముదాయం తన వాదనను నిలబెట్టుకోలేదు.

అదే కుటుంబ చట్టం తరగతిలో మన పిల్లలు హిందూ వివాహ చట్టాన్ని, ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చిన 2005 సవరణను చదువుతారు. వాటిని కూడా అంతే శ్రద్ధగా చదవాలి. రేపు వారి గుమ్మం తొక్కేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. ముస్లింల కేసులకే పరిమితమైన ముస్లిం న్యాయవాదిని మేము కోరుకోవడం లేదు. ఊరందరూ నమ్మి వచ్చే న్యాయవాది మన మొహల్లాలో ఉండాలని కోరుకుంటున్నాము.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మనవి. కేరళలోని పత్తనంతిట్టలో పుట్టిన ఫాతిమా బీవీ సైన్సు చదవాలనుకుంటే, న్యాయశాస్త్రం వైపు మళ్లించినది ఆమె తండ్రి. 1950లో ఆమె బార్ కౌన్సిల్ పరీక్షలో ప్రథమస్థానం పొందారు. 1958లో మున్సిఫ్‌గా చేరి, మెట్టుమెట్టూ ఎక్కి, 1989లో భారత సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆ తండ్రి నాడు వెనుకంజ వేసి ఉంటే దేశం ఆ న్యాయమూర్తిని పొంది ఉండేది కాదు. మంచి సంబంధం వచ్చిందని రెండవ ఏట చదువు మాన్పించడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నది. పెళ్లి మాటలు మాట్లాడేటప్పుడే చదువు పూర్తి చేయించాలన్న షరతును పెద్దల ఎదుట స్పష్టంగా పెట్టండి. నికాహ్ ఒప్పందమైనపుడు షరతులు మాట్లాడుకోవడంలో సిగ్గుపడవలసినది లేదు. హిజాబ్ విషయంలో 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం భిన్నాభిప్రాయాలు వెలువరించడంతో వ్యవహారం విస్తృత ధర్మాసనానికి నివేదించబడింది. కనుక చేరే ముందే కళాశాల దుస్తుల నిబంధన ఏమున్నదో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. తొలిరోజున గేటు దగ్గర వాదన జరగడం కంటే ముందురోజే కార్యాలయంలో మాట్లాడుకోవడం మేలు.

ఇక డబ్బు, కాలం. ఇంట్లోవారు ఈ లెక్క ముందే తెలుసుకుంటే మధ్యలో నిరాశ కలగదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో 70 శాతం హాజరు నియమం ఉన్నది. దుకాణంలో మనిషి తక్కువయ్యాడని పిల్లవాడిని వారానికి మూడు రోజులు ఆపివేస్తే చదువు చేతులారా పాడుచేసినట్లే. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. పట్టా వచ్చాక న్యాయవాదిగా నమోదుకు అడ్వకేట్స్ చట్టంలో ఉన్న రుసుము జనరల్ వర్గానికి 750 రూపాయలే. అంతకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత అఖిల భారత బార్ పరీక్ష ఉంటుంది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు భృతి ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచన మాత్రమే, చేతికందిన జీతం కాదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి నిర్దేశించింది. అంటే పట్టా చేతికి వచ్చిన మరునాడే సంపాదన ఆశించరాదు. విత్తనం వేసిన నాడే కోతకు కొడవలి పట్టుకొని నిలబడితే ఎలా?

ఈ భారాన్ని ఒక్క కుటుంబం మీదనే వదలకూడదు. ప్రతి మస్జిదు కమిటీ, ప్రతి సంక్షేమ సంఘం చేయగల పనులు నాలుగున్నాయి. ఒకటి, మస్జిదు గదిలోనో సంఘం కార్యాలయంలోనో ఒక అలమార కేటాయించి తెలుగు రాజ్యాంగం, కొత్త చట్టాల ప్రతులు, ఒక మంచి నిఘంటువు ఉంచడం. రెండు, ఆ పట్టణంలో ప్రాక్టీసు చేస్తున్న సీనియర్లను, వారు ఏ మతస్థులైనా సరే, పిలిచి కొత్త విద్యార్థులకు పరిచయం చేయడం. మూడు, బోధన రుసుము చెల్లింపు ఆలస్యమైనపుడు పరీక్ష ఫీజు దగ్గర చదువు ఆగకుండా చిన్న నిధి ఏర్పాటు చేయడం. జకాత్ సొమ్ము వాడదలచినపుడు ఉలమాలను సంప్రదించి, అర్హులైన వారికే అందేలా చూడాలి. నాలుగు, సీటు వచ్చిననాడు శాలువా కప్పి ఫొటో దిగి మరచిపోకుండా, నెలకొకసారి పిలిచి ఎలా సాగుతున్నదని అడగడం. మొదటి మూడింటికి కొంత ఖర్చున్నది. నాలుగవదానికి ఖర్చే లేదు, అయినా మనం తరచుగా చేయనిది అదే.

తొలిరోజున తరగతికి వెళ్లే బిడ్డలారా! స్వజనులకు, కన్నవారికి, చివరకు తమకే ప్రతికూలమైనా న్యాయం పక్షాన నిలవవలసిందేనన్నది సూరా అన్-నిసా 135వ ఆయత్ బోధ. దానిని ఇంట్లో విని ఉంటారు, ఇకపై వృత్తిలో పాటించాలి. ఉదయం అరగంట ముందుగా చేరుకోండి. ముందు వరుసలో కూర్చోండి. ఉపాధ్యాయుడు పేరు అడిగితే మీ పూర్తి పేరు, మెమోలో ఉన్నట్లే, నిదానంగా, వినబడేలా చెప్పండి.